నీలిగద్ద కుడి భుజం

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురు సందులో నా జిరాక్సు దుకాణానికీ హనుమాండ్లు టైలరు దుకాణానికీ మధ్య ఒకటే గోడ. పదకొండేళ్లుగా ఆ గోడకు ఇటువైపు కూర్చుని ఆయన కుట్టుమిషను చప్పుడు వింటున్నాను. పనివేళలో ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, ఎవరిమీదో ఆయనకు అనుమానం వచ్చిందన్నమాట.

ఆయనకు అనుమానం రానిది లేదు. చొక్కాకని ఎవరైనా బట్ట తెస్తే, తెచ్చినవాళ్ల ముందే బల్లమీద పరిచి రెండుసార్లు కొలిచి, ఎంతుందో వాళ్ల నోటితోనే చెప్పించేవాడు. ఒకసారి పెళ్లికొడుకు ఒకడు కొలత కోసం ఆది చొక్కా తెచ్చి ఇచ్చాడు. హనుమాండ్లు ఆ చొక్కానూ వాణ్నీ మార్చి మార్చి చూసి, ఇది నీది కాదు, నీది తెచ్చుకో అని పంపేశాడు. వాడు ఒట్టు పెట్టాడు, తల్లి వచ్చి గొడవపడింది. చివరికి అది వాళ్ల అన్న చొక్కా అని తేలింది. ఇంట్లో రెండూ ఒకే దండెం మీద ఉండేవట. ఆ తర్వాత ఆయన పేరే అనుమానాల హనుమాండ్లు అయిపోయింది.

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు. ఒళ్లు గుర్తుంటుంది. రోడ్డు మీద ఎవరైనా నమస్తే పెడితే, ముఖం చూసి కాదు, మెడా వీపూ చూసి తిరిగి నమస్తే పెడతాడు. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, నీలిగద్ద సినిమా విషయంలో ఆయన అన్నమాట మేమెవ్వరం పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

నీలిగద్ద మొదటి భాగం ఆరేళ్ల కింద వచ్చింది. పగలు బస్సు కండక్టరుగా పనిచేసే ఒక మనిషి, ఆపద వచ్చినప్పుడు నీలం ముసుగు వేసుకుని రెక్కలతో ఎగిరి మనుషులను కాపాడే కథ. ముసుగు వేసుకుంటే కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ ఏడాది కామారెడ్డి థియేటరులో అది ఎన్ని వారాలు ఆడిందో నాకు గుర్తు లేదు గానీ, మా ఆవిడా నేనూ మూడుసార్లు వెళ్లాం. ఎగరడం కోసం కాదు. అందులో దవాఖాన దృశ్యం ఒకటుంది. కూలిపోయిన మేడ కింద నుంచి ఆలస్యంగా బయటికి తీసిన ఒక ముసలామె మంచం పక్కకు నీలిగద్ద కిటికీలోంచి వచ్చి కూర్చుంటాడు. ఆమె అతన్ని చనిపోయిన తన కొడుకే అనుకుంటుంది. అతను కాదనడు, అవుననడు. ఆమె నిద్రపోయేదాకా అలాగే కూర్చుంటాడు. ఒక్క మాట లేదు, సంగీతం లేదు. థియేటరంతా ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. నేనూ ఏడ్చాను.

హనుమాండ్లు సినిమాలు చూసే మనిషి కాదు. కూతురు శ్వేత అప్పుడు ఎనిమిదో తరగతి, పరీక్షలయ్యాక చూపిస్తానని మాటిచ్చి తీసుకుపోయాడు. మర్నాడు పొద్దున ఎట్లున్నదన్నా అని అడిగితే మిషను ఆపాడు.

“ముసుగు లోపలున్నోడు హీరో కాదు తమ్మీ” అన్నాడు.

నేను నవ్వాను. దూకే చోట, మంటల్లో నడిచే చోట వేరేవాళ్లను పెడతారని చిన్నపిల్లలకు కూడా తెలుసని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“దుంకేది కాదు నేననేది. దవాఖానల కూసున్నోడు సుత హీరో కాదు. ఆయనకు కుడి భుజం కిందికున్నది. కనపడొద్దని దూది పెట్టిండ్రు. చెయ్యి లేపితే దూది పైకి లేస్తది, కుట్టు మెడ దిక్కు జరుగుతది. కండక్టరు బట్టలల్ల ఉన్న హీరోకు రెండు భుజాలు సమానమే.”

నెల రోజులు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెప్పాడు. ప్రతివాడూ నవ్వాడు. తర్వాత ఆయనే మానేశాడు.

ఈ ఏడు రెండో భాగం వచ్చింది. బస్టాండు గోడల నిండా పోస్టర్లు. ఈసారి హీరో ఎక్కడా వేరేవాళ్లను పెట్టుకోలేదనీ, ప్రతి ఫైటూ ప్రతి దూకుడూ తనే చేశాడనీ ఇంటర్వ్యూల్లో పదే పదే చెప్పారు. ఎల్లారెడ్డిలో సగం మంది మొదటి వారంలోనే కామారెడ్డికి వెళ్లి చూసొచ్చారు. చూసొచ్చిన ప్రతివాడూ మొదటిదాని లెక్క లేదన్నాడు. ఎందుకు లేదో మాత్రం ఎవరికీ తెలియదు. చాయ హోటలులో వారం రోజులు అదే చర్చ. రిటైరైన ఒక సారు కథలో పస లేదన్నాడు. మొబైల్ రిపేరు చేసే అజయ్ గ్రాఫిక్స్ ఎక్కువయ్యాయన్నాడు. విలను సరిగా కుదరలేదని ఒకరు, పాటలు బాగాలేవని ఇంకొకరు. నాకూ అంతు పట్టలేదు. మొదటిదానిలో ఒక మేడ కూలితే గుండె ఝల్లుమంది. ఇందులో మూడు పట్నాలు కూలాయి, నాకేమీ కాలేదు. దవాఖాన దృశ్యం లాంటిదే ఒకటి ఇందులోనూ పెట్టారు. వరద శిబిరంలో ఒక చిన్నపిల్ల పక్కన నీలిగద్ద కూర్చుంటాడు. వెనక వయొలిన్లు మోగుతూనే ఉంటాయి. అతను బస్సు కోసం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. నేను జేబులోంచి ఫోను తీసి టైము చూసుకున్నాను.

శ్వేత ఇప్పుడు కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. హనుమాండ్లు వెళ్లి ఆమెతో కలిసి చూసొచ్చాడు. వచ్చిన రోజు దుకాణం తెరవకుండా నేరుగా నా దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇందుల ఉన్నోడు హీరోనే” అన్నాడు.

అయితే మంచిదే కదా, వాళ్లు చెప్పింది నిజమే కదా అన్నాను.

“గదే నా అనుమానం. గంత మంచిగ చేసినోణ్ని ఎందుకు మార్చిండ్రు? గా మనిషి ఏమైండు?”

ఆ మాట విన్నాక నాక్కూడా అనుమానం పట్టుకుంది. ఎంత ఎత్తు నుంచి దూకించారో మేమంతా చూశాం కదా. పడిపోయాడేమో, చచ్చిపోయాడేమో, ఎవరికీ తెలియకుండా దాచిపెట్టారేమో అని ఆయన అనుమానం. పేరు లేని మనిషి, ముఖం లేని మనిషి. పోయినా ఎవరు అడుగుతారు అన్నాడు.

ఆయనకు ఇంకో అనుమానం ఆరేళ్లుగా ఉందట. ఆ భుజాన్ని తను ఎక్కడో కొలిచానని. అప్పుడు తన మీద తనకే నమ్మకం లేక ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా కంప్యూటరులో మొదటి భాగం పెట్టించి, నీలిగద్ద నిటారుగా నిలబడ్డ చోట ఆపించి, మెడలో టేపు తీసి తెర మీద పెట్టి రెండు భుజాలూ కొలిచాడు. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కాగితం మీద ఏవో లెక్కలు వేసుకుని, అసలు మనిషికి అది అంగుళంపావు తేడా అని తేల్చాడు.

తర్వాత పాత కొలతల పుస్తకాలు దించాడు. అటక మీద ఇనుప పెట్టె నిండా ఉన్నాయి. పదహారు రోజులు వెతికాడు. పదిహేడో రోజు పొద్దున ఒక పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. పదేళ్ల కిందటి పేజీ. భీమేష్, గౌండ్ల, గాంధారి దిక్కు, పెండ్లి కోటు. ఛాతీ, నడుము, చెయ్యి కొలతలు. కింద ఒక గీత గీసి రాసి ఉంది: కుడి భుజం ఒకటింబావు కిందికి, దూది పెట్టాలె.

భీమేష్ అసలు పేరు కాదు. అతను ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను గానీ, అతని పేరూ సినిమా పేరూ మార్చాను.

పేజీ చూశాక హనుమాండ్లుకు మనిషి గుర్తొచ్చాడు. తాళ్లెక్కే పిల్లగాడు. పంతొమ్మిదేళ్లప్పుడు చెట్టు మీది నుంచి పడి మెడ పక్క భుజం ఎముక విరిగింది. అది అతికిందే కిందికి అతికింది. ఆ భుజం కనపడకుండా పెళ్లి కోటు కుట్టమని వచ్చాడు.

తెల్లవారి ఇద్దరం నా బండి మీద గాంధారి దిక్కు బయల్దేరాం. దారంతా ఆయన ఒకటే మాట, బతికి లేడని చెప్తే ఏం చేద్దాం తమ్మీ అని. కల్లు దుకాణం దగ్గర ఆగి అడిగితే, భీమేష్ బాగానే ఉన్నాడని చెప్పారు. తాళ్లెక్కడం ఎప్పుడో మానేశాడట. ఏడేళ్ల కింద దుబాయి పోయి ఏడాదిన్నర ఉండి వచ్చి, ఆటో కొనుక్కుని కామారెడ్డికి నడుపుతున్నాడట. దుబాయి అనగానే హనుమాండ్లు నావైపు చూశాడు. ఆ సినిమా తీసిన రోజుల్లోనే ఇతను దుబాయిలో ఉన్నాడంటే, మేం వచ్చింది వేరే మనిషి కోసమన్నమాట.

ఇంటి ముందు అరుగు మీద భీమేష్ భార్య నవత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు కావాలి, ఏం పని అని వరసగా అడిగింది. ఊరందరినీ నిలదీసే హనుమాండ్లుకు తనను నిలదీస్తే సాకు వెతుక్కోవాల్సొచ్చింది. పెండ్లి కోటు కుట్టింది నేనే, ఇటు వచ్చి చూసి పోదామని ఆగిన అన్నాడు. పదేళ్ల తర్వాతనా అంది ఆమె. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది గానీ, మేం తాగుతున్నంతసేపూ నిలబడే ఉంది. మీ ఇంట్ల ఆడపిల్లలెంతమంది అని అడిగింది. ఒక్కతే, డిగ్రీ చదువుతున్నదని చెప్పాడు హనుమాండ్లు. మరి చెల్లెండ్లు అని మళ్లీ అడిగింది. ఆ ప్రశ్నలు ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. దిగుతున్న మనిషి భుజం మీదే హనుమాండ్లు చూపంతా. నేనూ చూశాను. తెలిసి చూస్తే తప్ప తెలియదు, తెలిశాక మాత్రం ఇంకేమీ కనపడదు. ముప్పై అయిదేళ్లుంటాయి, సన్నగా, ఎండకు నల్లబడ్డ ముఖం. హనుమాండ్లు కుశలం కూడా అడక్కుండా నీలిగద్ద సినిమా చూసినవా అన్నాడు. భీమేష్ ముఖంలో రంగు పోయింది. సినిమాలు చూడనన్నాడు. పని ఉందని చెప్పి మమ్మల్ని బండి దాకా సాగనంపాడు. నవతకు వినపడనంత దూరం వచ్చాక ఆగాడు.

“ఎవలు పంపిండ్రన్నా మిమ్ముల?”

ఎవరూ పంపలేదని నేను చెప్పాను. అతను నమ్మలేదు.

“నేను ఎవలికీ చెప్పలే. ఇంట్ల సుత చెప్పలే. గదే చెప్పుండ్రి వాళ్లకు.”

అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. లింగంపేట దాటాక హనుమాండ్లు, బతికే ఉన్నడు అన్నాడు. ఇంక చాలు, ఇక్కడితో వదిలేద్దాం అన్నాను. ఆయన సరేనన్నాడు గానీ రెండు నిమిషాలకే, మరి గంతగనం ఎందుకు భయపడుతున్నడు అని మొదలుపెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున పదకొండు గంటలకు నవత ఒక్కతే ఎల్లారెడ్డి బస్టాండులో దిగింది. పెళ్లి కోటు కాలరు లోపల కుట్టిన చీటీ చూసి దుకాణం పేరు పట్టుకుంది. హనుమాండ్లు గోడ మీద కొట్టి నన్ను పిలిచాడు. వెళ్లేసరికి ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆమె చెప్పింది ఇది. భర్త దుబాయి పోతున్నానని ఏడాదిన్నర ఇల్లు విడిచి ఉన్నాడు. కంపెనీ మూతపడిందని వచ్చేశాడు. రెండేళ్ల కింద ఏదో కాగితం కోసం పెట్టె వెతుకుతుంటే అతని పాస్‌పోర్టు దొరికింది. ఒక్క ముద్ర లేదు, పేజీలన్నీ కొత్తవే. అడిగితే ఏమీ చెప్పలేదు. మళ్లీ అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మేం వచ్చి వెళ్లిన రోజు నుంచి అతను సరిగా తినడం లేదు, ఆటో కూడా తీయడం లేదు.

“ఆమె మీకు చెల్లెనా, బిడ్డనా? గదొక్కటి చెప్పుండ్రి. నేను లొల్లి చెయ్య” అంది.

హనుమాండ్లుకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ ఏడాదిన్నర భర్త ఇంకో ఆడమనిషితో ఉన్నాడనీ, మేం ఆ మనిషి తరఫువాళ్లమనీ ఆమె అనుకుంటోందని అర్థమయ్యాక చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాడు. అసొంటిదేం లేదు బిడ్డా అన్నాడు. అందరూ గట్లనే అంటరు అంది ఆమె. గొంతు పెంచలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. అలా నిలబడే ఉంది.

ఆయన నన్ను సందులోకి తీసుకెళ్లాడు. ఆ మనిషి ఎవరికో మాట ఇచ్చాడు, మనం నోరు జారితే అతనికి ఏం ముంచుకొస్తుందో తెలియదు అన్నాడు. చెప్పకపోతే ఈ ఇల్లు నిలవదని కూడా ఆయనే అన్నాడు. అంతలోనే, ఈమెను సుత సిన్మావాళ్లే పంపిండ్రేమో అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ అమ్మ ముఖం చూసినాక కూడా అనుమానమేనా అని గట్టిగా అడిగాను. ఆయన తల దించుకుని, పా తమ్మీ, నీ కంప్యూటర్ల గా సిన్మా పెట్టు, దవాఖాన కాడికెల్లి, మనం ఏం చెప్పొద్దు అన్నాడు.

నవతను పిలిచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. మొగుడి సంగతి అడిగితే సినిమా చూపిస్తారా అన్నట్టు చూసింది. ఒడిలో సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇది టీవీలో చూసిన సినిమానే అంది. ఒక్కసారి చూడు బిడ్డా, ఆయన వీపు దిక్కు చూడు అన్నాడు హనుమాండ్లు.

కిటికీలోంచి నీలిగద్ద దిగాడు. స్టూలును చేత్తో కాకుండా కాలితో దగ్గరికి జరుపుకున్నాడు. సగం మీదే కూర్చున్నాడు. మంచం మీది నుంచి ముసలామె చెయ్యి జారితే, దాన్ని పట్టుకోకుండా ముందు తన అరచేయి కింద పెట్టాడు, అది వచ్చి అందులో ఆగేలా. అప్పుడు రెండో చెయ్యి ఆమె ముఖం దగ్గర మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. నేను ఇన్నిసార్లు చూసినా దాన్ని నిమరబోయి ఆగడమనే అనుకున్నాను. థియేటరులో అందరూ అలాగే అనుకుని ఉంటారు.

“ఈగలు కొడుతున్నడు” అంది నవత.

ఆ దవాఖానలో ఈగలు లేవు. అది అద్దంలా ఉన్న సినిమా దవాఖాన.

“మా అత్త భూదవ్వ ఎనిమిది నెలలు మంచంల పడ్డది. పక్కపొంటి కూసుని గిట్లనే కొడుతుండె. ఈగలు లేకున్నా సుత కొడుతుండె.”

మళ్లీ పెట్టమంది. పెట్టాను. మూడోసారి కూడా పెట్టమంది. మూడోసారి సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హనుమాండ్లు ముఖం గుమ్మం వైపు తిప్పుకుని నిలబడ్డాడు.

ఇది దుబాయిలో తీశారా అని అడిగింది. కాదు, హైదరాబాదులో అని చెప్పాను. అప్పటిదాకా లేని కోపం ఆమె ముఖంలోకి అప్పుడొచ్చింది.

“హైదరాబాదుల ఉన్నడా? బస్సెక్కితే మూడు గంటలు. ఆడ మనకంటే గంటన్నర లేటని, ఇంక లేవలేదేమో, ఇంక తినలేదేమో అని రోజూ లెక్క కట్టుకొని నెట్టు ఫోను చేస్తుంటి నేను.”

ఆడమనిషి లేదన్న సంగతి ఆమెకు ఊరటనిచ్చిందో లేదో నాకు తెలియదు. మీరు చూపెట్టినట్టు ఆయనకు చెప్పొద్దు, ఆయన నోటితోనే చెప్పాలె అని మా దగ్గర మాట తీసుకుని, తన నంబరు హనుమాండ్లుకు ఇచ్చి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

ఆమె వచ్చి పోయిన తొమ్మిదో రోజు భీమేష్ ఆటో వచ్చి సందు మొగదల ఆగింది. కొట్లాటకే వచ్చాడనుకున్నాం. హనుమాండ్లు ఆమెకిచ్చిన మాట మరిచి ముందే చెప్పేశాడు, నేను ఒక్క మాట చెప్పలేదని, ఆమె తనే గుర్తుపట్టిందని. తెలుసన్నాడు భీమేష్. బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె తిరిగి వెళ్లాక ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవట. పాస్‌పోర్టు అన్నం కంచం పక్కన పెట్టి ఆమె కూర్చుంటే, ఐదోనాడు అన్నీ చెప్పేశాడట.

మాకూ చెప్పాడు. దుబాయి పంపుతానన్న ఏజెంటు హైదరాబాదులో వదిలేసి మాయమయ్యాడు. ఊరంతా సాగనంపితే వచ్చినవాడు ఏ ముఖంతో తిరిగి పోతాడు. లాడ్జిలో పరిచయమైన ఒకాయన ఫైట్లు చేసేవాళ్ల దగ్గర పని ఇప్పించాడు. తాళ్లెక్కినవాడికి ఎత్తంటే భయం లేదు. ముసుగు లోపల ఉన్నది తనని ఎక్కడా చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. దవాఖాన దృశ్యం తీసే రోజు హీరో వేరే షూటింగులో ఉన్నాడు. ఎలాగూ ముఖం కనపడదు, ఆమె నిద్రపోయేదాకా కూర్చో అని మాత్రమే చెప్పారు.

“కూసున్న. అయిపోయిందని అన్నరట. నాకు వినరాలే. ఒకాయన వచ్చి చెయ్యి పట్టి లేపిండు.”

రెండో భాగానికి పిలవలేదు. ఆ రోజు అలా కూర్చుండిపోవడం తప్పయిందేమోనని, వాళ్లకు కోపం వచ్చిందేమోనని అతని అనుమానం. రెండోది అతను చూడలేదు. ఎట్లున్నదన్నా అని మమ్మల్నే అడిగాడు. నేను చెప్పబోయాను. హనుమాండ్లు నన్ను ఆపి, చూస్తేనే తెలుస్తది, ఆదివారం పోదాం అన్నాడు.

ఆ ఆదివారం కామారెడ్డిలో రెండో భాగానికి ఆఖరి వారం, రోజుకు ఒకటే ఆట. సగం కుర్చీలు ఖాళీ. భీమేష్, నవత, హనుమాండ్లు, శ్వేత, నేను ఒకే వరసలో కూర్చున్నాం. నవత తెర కంటే భర్తనే ఎక్కువసేపు చూసింది. ఫైట్లు వచ్చినప్పుడు అతను ముందుకు వంగేవాడు, అతని కుడి భుజం కదిలేది. చిన్నపిల్ల పక్కన కూర్చునే దృశ్యంలో మాత్రం తల దించుకున్నాడు.

బయటికొచ్చి మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడ్డాం. ఇది ఎందుకూ పనికిరాదని అతని నోటితో వినాలని హనుమాండ్లు ఎదురుచూస్తున్నాడు. భీమేష్ ఇంకో మాట అన్నాడు.

“నీళ్ల ట్యాంకు మీదికెల్లి దుంకిండు సూడన్నా, ఆయన ఎడమ మోకాలు నిజంగనే తిరిగింది. నొప్పి ఆపుకొని మాట చెప్పిండు. గది నాతోని కాకపోవు.”

మరి పిల్ల పక్కన కూర్చున్నది అని హనుమాండ్లు రెట్టించాడు. అక్కడ ఆయన తప్పేం లేదన్నాడు భీమేష్. ఏడువు, తల వంచు, చెయ్యి పట్టు అని పక్క నుంచి చెబుతూ ఉంటారు, అన్ని మాటలు చెవిలో పడుతుంటే మనిషి ఎట్లా కూర్చుంటాడు అన్నాడు. తనకు ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పలేదని, అది తన అదృష్టమని అన్నాడు. నాకది కొత్తగా తోచింది. మొదటిదే మంచి సినిమా, అందులో నాకు సందేహం లేదు. కానీ రెండోదానిలో కూడా ఒక మనిషి దెబ్బ తగిలించుకుని పనిచేశాడని మాలో ఎవరికీ పట్టలేదు. దాన్ని పట్టుకున్నది, ఆ ముసుగు పోగొట్టుకున్నవాడే.

హనుమాండ్లు ఒప్పుకోలేదు. తిరుగుబస్సులో తాడ్వాయి దాటుతుండగా, ఆ మోకాలు సుత గ్రాఫిక్సేమో తమ్మీ అన్నాడు.

తర్వాత రెండు నెలలు వాళ్ల కబురు తెలియలేదు. మొన్న నవత ఎల్లారెడ్డిలో చుట్టాల ఇంటికి వచ్చి, పోతూ పోతూ దుకాణం దగ్గర ఆగింది. కోపం తగ్గిందా బిడ్డా అని అడిగాడు హనుమాండ్లు. కొంత తగ్గింది, కొంత ఉన్నది అని నిజమే చెప్పింది. పోయిన వారం భర్తను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లిందట. సినిమావాళ్లను చూడడానికి కాదు. ఏడాదిన్నర అతనున్న అద్దె అర్రను చూడాలని పట్టుబట్టింది. అందులో ఇప్పుడు వేరే సంసారం ఉంది. వాళ్లు చాయ పోశారు. కిటికీ పక్కన నిలబడితేనే అక్కడ ఫోను అందేదని భీమేష్ చూపించాడు. ఆమె వెళ్లి ఆ కిటికీ పక్కన కాసేపు నిలబడింది.

“మాట్లాడినన్ని రోజులు ఆయన ఏడ నిలబడ్డడో నాకు తెల్వదు గదన్నా. ఇప్పుడు తెలిసింది” అంది.

అదే అర్ర అని నువ్వెట్ల నమ్మినవని హనుమాండ్లు అడిగాడు. నేను తల పట్టుకున్నాను. నవత మాత్రం నవ్వింది. ఫోను పోయినా మరిచిపోకుండా ఉండాలని అతను ఆమె నంబరును ఆ కిటికీ పక్క గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడట. తర్వాతి వాళ్లు సున్నం వేశారు, చివరి నాలుగంకెలే మిగిలాయి అంది.

అవి ఏవో చెప్పమన్నాడు హనుమాండ్లు. ఆమె చెప్పింది. ఆయన తన ఫోను తీసి, అద్దాలు పెట్టుకుని, ఆమె నంబరు వెతికి ఒక్కో అంకె సరిచూసుకున్నాడు.